వన్‌వే టికెట్‌తో కౌంటర్ దగ్గర ఇరుక్కోకుండా: నాలుగైదు దేశాలు తిరిగేవాళ్లకు ఆన్‌వర్డ్ టికెట్ సంగతి

బ్యాగు భుజాన వేసుకుని థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా, మలేషియా అన్నీ ఒకే ఊపులో చుట్టేద్దామని బయల్దేరేవాళ్లలో చాలామంది ముందుగా చేసే పని బ్యాంకాక్‌కు వన్‌వే టికెట్ తీసుకోవడం. మిగతాది అక్కడికెళ్లాక చూసుకోవచ్చులే అనుకుంటారు. తీరా శంషాబాద్‌లో బ్యాగు బెల్టు మీద పెట్టగానే కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టు పేజీలు తిప్పుతూ "రిటర్న్ టికెట్ ఉందా సార్?" అంటుంది. లేదంటే బోర్డింగ్ పాస్ చేతికి రాకపోవచ్చు. వీసా అక్కర్లేని దేశమే కదండీ అని వాదించి లాభం లేదు. వీసా అక్కర్లేని దేశం కాబట్టే అడుగుతున్నారు.

ఆమె అడిగేది ఆన్‌వర్డ్ టికెట్. మీరు దిగబోయే దేశం నుంచి, అక్కడ ఉండనిచ్చే గడువు లోపల, ఇంటికో ఇంకో దేశానికో వెళ్లిపోతారని చూపించే టికెట్. ఇంటికే రానక్కర్లేదు. ఆ దేశం దాటితే చాలు.

1. అడిగేది ఎవరో తెలుసుకోండి

ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడుగుతాడని అందరూ అనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు అడిగేది విమాన సంస్థ సిబ్బంది. అదీ దిగే చోట కాదు, ఎక్కే చోట. దీనికి కారణం ఉంది. 1944 నాటి చికాగో ఒప్పందానికి అనుబంధంగా ఉన్న నిబంధనల ప్రకారం, ఒక దేశం రానివ్వని ప్రయాణికుణ్ని వెనక్కి తీసుకెళ్లే బాధ్యత తెచ్చిన విమాన సంస్థదే. చాలా దేశాలు దీనికి తోడు జరిమానా కూడా వేస్తాయి. అందుకే కౌంటర్‌లో కూర్చున్న మనిషికి మీ మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, కంప్యూటర్ ఏం చెబితే అదే చేస్తుంది. ఆమె మీద కోపం తెచ్చుకోవడం దండగ.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. బ్యాంకాక్‌లో ఇమిగ్రేషన్ వాళ్లు తమను ఏమీ అడగలేదని మీ స్నేహితులు చెప్పేది నిజమే కావచ్చు. ఎందుకంటే అప్పటికే హైదరాబాద్‌లో ఎవరో చూసి పంపించారు. మీరు ఒప్పించాల్సింది ఆ కౌంటర్‌ని.

2. దారి గీసి, విమానం ఎక్కే చోట్ల గుర్తు పెట్టండి

ఒక కాగితం తీసుకుని మీ ప్రయాణం మొత్తం గీయండి. ఉదాహరణకు: హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ విమానం. బ్యాంకాక్ నుంచి లావోస్ రాజధాని వియన్‌టియాన్‌కు రాత్రి రైలు. ఈ నేరు రైలు 2024 జూలైలో మొదలైంది. సరిహద్దు ఊరు నోంగ్‌ఖాయ్‌లో దిగి థాయ్ స్టాంప్ వేయించుకుని మళ్లీ ఎక్కితే సరిపోతుంది. అక్కణ్నుంచి హనోయ్‌కి విమానం. వియత్నాం పైనుంచి కిందికి దిగి హోచిమిన్ సిటీ. అక్కడ బస్సెక్కి మొక్‌బాయ్ సరిహద్దు మీదుగా కంబోడియా రాజధాని నోమ్‌పెన్. నోమ్‌పెన్ నుంచి కౌలాలంపూర్ విమానం. అక్కణ్నుంచి ఇంటికి.

ఐదు దేశాలు, కానీ పరాయి దేశంలోకి విమానంలో దిగేది 3 సార్లే: బ్యాంకాక్, హనోయ్, కౌలాలంపూర్. గట్టి కాగితం కావాల్సింది ఆ మూడింటికి. రోడ్డు మీదో రైల్లోనో దాటే సరిహద్దుల్లో విమాన సంస్థ ఉండదు, కాబట్టి ఈ ప్రశ్న చాలా తక్కువగా వస్తుంది. అసలు రాదని కాదు. అధికారికి అనుమానం వస్తే అక్కడా అడుగుతాడు, అడిగే హక్కు అతనికుంది.

రోడ్డు దారికి వేరే తలనొప్పులున్నాయి. 2025 జూలైలో థాయ్‌లాండ్, కంబోడియా సైన్యాల మధ్య ఘర్షణలు జరిగినప్పుడు ఆ రెండు దేశాల మధ్య రోడ్డు సరిహద్దులు మూతపడ్డాయి. అప్పటిదాకా అందరూ కళ్లు మూసుకుని వెళ్లే దారి అది: బ్యాంకాక్ నుంచి పోయ్‌పెట్ మీదుగా అంకోర్‌వాట్. మూసిన సరిహద్దు మీదుగా వెళ్లే బస్సు టికెట్‌ను ఆన్‌వర్డ్ టికెట్ అని చూపిస్తే కౌంటర్‌లో ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి దారి గీసేటప్పుడు మ్యాప్ ఒక్కటే చూడకండి, బయల్దేరే వారం వార్తలు కూడా చూడండి. థాయ్‌లాండ్‌కు ఇంకో మెలిక కూడా ఉంది: వీసా లేకుండా రోడ్డు దారిలో లోపలికి రావడం ఒక క్యాలెండర్ సంవత్సరంలో 2 సార్లకే పరిమితం.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పే దారి ఇంకా తేలిక. బ్యాంకాక్‌ను గుంజలా పెట్టుకుని చుట్టూ తిరగండి. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు రానూపోనూ టికెట్ ఒకేసారి తీసుకోండి, తిరుగు ప్రయాణం థాయ్‌లాండ్ ఇచ్చే గడువు లోపలే పడేట్టు. మధ్యలో లావోస్, వియత్నాం చూసి మళ్లీ బ్యాంకాక్ చేరండి. హైదరాబాద్ కౌంటర్‌లో అదే కాగితం, హనోయ్ నుంచి బ్యాంకాక్ విమానం ఎక్కేటప్పుడూ అదే కాగితం. కొంచెం డబ్బు ఎక్కువవుతుందేమో కానీ ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు.

3. కౌంటర్‌లో కనిపించే తెర మీరూ చూడండి

కౌంటర్ సిబ్బంది చూసేది టిమాటిక్ అనే డేటాబేస్. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం అయాటా దాన్ని నడుపుతుంది. ఏ దేశం పాస్‌పోర్టు, ఎక్కడికి, మధ్యలో ఎక్కడ ఆగుతున్నారు అని కొడితే ఏం కావాలో చెబుతుంది. ఇందులో రహస్యమేమీ లేదు. అయాటా ట్రావెల్ సెంటర్ పేజీలో మీరూ చూడొచ్చు, చాలా విమాన సంస్థల వెబ్‌సైట్లలో ట్రావెల్ డాక్యుమెంట్స్ అనే చోట కూడా ఉంటుంది.

అక్కడ రెండు రకాల వాక్యాలు కనిపిస్తాయి, వాటి తేడా పట్టుకోవాలి. ఒకటి: రిటర్న్ లేదా ఆన్‌వర్డ్ టికెట్ కచ్చితంగా ఉండాలి. రెండోది: అది లేనివాళ్లను దేశంలోకి రానివ్వకపోవచ్చు. మొదటి వాక్యం ఉంటే కౌంటర్‌లో ఇక మాట్లాడేదేం లేదు. రెండో వాక్యం ఉంటే నిర్ణయం ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషిది. ఒకే విమానంలో ఒకర్ని అడిగి ఇంకొకర్ని అడగకపోవడం వెనక ఉన్నది ఎక్కువగా ఇదే. ఏ వాక్యమైనా సరే, మీ పాస్‌పోర్టుకు వచ్చిన ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సిబ్బంది కొత్తవాళ్లైతే అదే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది.

4. రోజులు వేళ్ల మీద లెక్కపెట్టండి

టికెట్ ఉంటే చాలదు, దాని తేదీ గడువు లోపల ఉండాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఫిలిప్పీన్స్ 2025 జూన్ 8 నుంచి మన పాస్‌పోర్టుకు వీసా లేకుండా 14 రోజులు ఇస్తోంది. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా), సింగపూర్, బ్రిటన్ వీసాల్లో ఏదైనా చెల్లుబాటులో ఉంటే 30 రోజులు. ఆ 14 రోజుల్ని అక్కడికెళ్లాక పొడిగించరు. ఆన్‌వర్డ్ టికెట్ విషయంలో చాలా కచ్చితంగా ఉండే దేశం అది. నేను బ్యాంకాక్ నుంచి మనీలా వెళ్తూ, ఆన్‌వర్డ్ టికెట్ ఉందిగా అని ధైర్యంగా కౌంటర్ దగ్గర నిలబడ్డాను. 3వ తారీఖు దిగుతున్నాను, 18న అక్కడి సెబూ నుంచి కౌలాలంపూర్. కౌంటర్‌లో ఉన్నాయన టికెట్ చూసి, పెన్ను టేబుల్ మీద ఒక్కో రోజుకూ ఒక్కో తట్టు తట్టుకుంటూ లెక్కపెట్టాడు. "మీది పదహారో రోజు. పద్నాలుగే ఇస్తారు." రెండు వారాలు అని మనసులో గుండుగుత్తగా అనుకుని నేను క్యాలెండర్ చూడనేలేదు.

తేదీ మార్చుదామంటే రుసుము కొత్త టికెట్ కంటే ఎక్కువ చూపిస్తోంది. సరే, 15వ తారీఖుకు ఇంకోటి కొందామని కూర్చుంటే బ్యాంకు ఓటీపీ ఇండియా నంబర్‌కు వెళ్తోంది. ఆ సిమ్‌ని అంతకుముందే తీసి కాగితంలో చుట్టి పర్సులో పెట్టాను, ఫోన్‌లో ఉన్నది థాయ్ సిమ్. ట్రే తెరిచే పిన్ను లేదు. పక్క లైన్లో నిలబడ్డ ఒకావిడ చెవి దుద్దు తీసి ఇచ్చింది. దాంతో ట్రే తెరిచి, సిమ్ మార్చి, సిగ్నల్ కోసం గాజు తలుపుల దాకా నడిచాను. మూడోసారికి ఓటీపీ వచ్చింది. కౌంటర్ మూసే టైముకు 6 నిమిషాలు ఉన్నాయి. సెబూ టికెట్ డబ్బులు పోయాయి, బడ్జెట్ విమానం కదా, వెనక్కి వచ్చింది ఏవో పన్నులు మాత్రమే.

అందుకని లెక్క ఇలా వేయండి: దిగిన రోజునే ఒకటిగా లెక్కపెట్టండి. చివరి రోజుకు కనీసం 2 రోజులు ముందు తేదీతో టికెట్ ఉండాలి. మన దగ్గర్నుంచి తూర్పు దేశాలకు వెళ్లే విమానాలు చాలా అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. 14వ తారీఖు రాత్రి భోంచేసి ఎయిర్‌పోర్టుకు వెళ్తాం, టికెట్ మీద 15 ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఇదే పొరపాటు జరిగితే ఒక రోజు ఎక్కువున్నట్టు లెక్క, అది ఓవర్‌స్టే.

గడువులు ఇప్పటికి తెలిసినవి: మలేషియా 2023 డిసెంబర్ 1 నుంచి మనకు వీసా లేకుండా 30 రోజులు ఇస్తోంది, ఈ సౌకర్యం 2026 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. ఇండోనేషియాలో వీసా ఆన్ అరైవల్ 30 రోజులు, రుసుము 5,00,000 రుపయ్యా, ఒకసారి పొడిగించుకోవచ్చు. వియత్నాంకు ముందే ఈ-వీసా తీసుకోవాలి, 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు, ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుసార్లకు 50. థాయ్‌లాండ్ 2023 నవంబర్‌లో 30 రోజులతో మొదలుపెట్టి 2024 జూలై 15 నుంచి 60 చేసింది. దాన్ని మళ్లీ తగ్గిస్తారన్న మాట తరచూ వినిపిస్తుంటుంది, కాబట్టి టికెట్ కొనే రోజు ఒకసారి, బయల్దేరే వారం ఇంకోసారి ఎంబసీ పేజీ చూడండి. సురక్షితమైన పద్ధతి కావాలంటే 30 రోజుల లోపే బయటపడేట్టు టికెట్ పెట్టుకోండి, ఏ మార్పు వచ్చినా దాదాపు సరిపోతుంది.

5. తర్వాతి దేశం మిమ్మల్ని రానిస్తుందా?

దీన్ని చాలామంది పట్టించుకోరు. బ్యాంకాక్ నుంచి హనోయ్‌కి టికెట్ చూపించారు. వియత్నాం వీసా ఏది అని అడిగితే? ఇంకా అప్లై చేయలేదు అంటే ఆ టికెట్ ఉన్నా లేనట్టే. వీసా లేని దేశానికి మీరు ఎలా వెళ్తారు? ఆన్‌వర్డ్ టికెట్ వెనక ఆ దేశంలోకి వెళ్లే హక్కు కూడా ఉండాలి.

అందుకే నాకిష్టమైన ఆన్‌వర్డ్ టికెట్ ఇండియాకే. హైదరాబాద్‌కే అక్కర్లేదు. బ్యాంకాక్ నుంచి కోల్‌కతా దగ్గర, చాలాసార్లు చవక కూడా. కౌలాలంపూర్ నుంచి చెన్నై అంతే. మన పౌరుణ్ని మన దేశంలోకి రానివ్వరా అని ఏ కౌంటర్‌లోనూ అడగరు. అక్కణ్నుంచి రైలెక్కి ఇంటికి రావచ్చు.

వియత్నాం ఈ-వీసాలో ఇంకో ముడి ఉంది. ఏ విమానాశ్రయం లేదా ఏ సరిహద్దు గుండా వస్తారో దరఖాస్తులోనే ఎంచుకోవాలి. హనోయ్ అని రాసి, తర్వాత మనసు మారి లావోస్ నుంచి బస్సులో వెళ్తే సరిహద్దులో ఆపేస్తారు. టికెట్, వీసా ఒకే మాట చెప్పాలి.

సింగపూర్‌కు మన పాస్‌పోర్టుకు వీసా కావాలి. కానీ మూడో దేశానికి వెళ్తూనో వస్తూనో మధ్యలో దిగేవాళ్ల దగ్గర అమెరికా, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల చెల్లుబాటు వీసా ఉంటే 96 గంటలు వీసా లేకుండా ఉండనిచ్చే సౌకర్యం ఉంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. అక్కడ 96 గంటల లోపల బయల్దేరే కన్ఫర్మ్ టికెట్ చూపించాల్సిందే.

6. టికెట్ ఏ రకంగా తీసుకోవాలి

దారి ముందే తేలిపోయి ఉంటే మామూలు టికెట్ కొనేయండి, ఇక చెప్పేదేం లేదు. ఎటు వెళ్తానో నాకే తెలియదు అనేవాళ్లకే చిక్కంతా. వాళ్లకున్న దారులు ఇవి.

డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చే టికెట్ అన్నిటికంటే శుభ్రమైనది. ధర ఎక్కువ చూపిస్తుంది, కానీ వాడకపోతే తిరిగి వస్తుంది. కొనేముందు మూడు చూడండి. విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి, మధ్యవర్తి సైట్లలో వాళ్ల రద్దు రుసుము, కన్వీనియన్స్ ఫీజు వేరేగా ఉంటాయి. డబ్బు కార్డుకు వస్తుందా, లేక వాళ్ల క్రెడిట్‌గా పడుతుందా అన్నది ఫేర్ రూల్స్‌లో చదవండి. విదేశీ కరెన్సీలో కొంటే మీ బ్యాంకు మార్కప్ అని అదనపు రుసుము వేస్తుంది, సాధారణంగా 2 నుంచి 3.5 శాతం. రీఫండ్ వచ్చినా అది వెనక్కి రాదు. ఆ డబ్బు తిరిగి రావడానికి వారాలు పట్టొచ్చు కూడా, క్రెడిట్ కార్డు బిల్లు తేదీ చూసుకుని దిగండి.

రెండోది, చవక బడ్జెట్ టికెట్ ఒకటి కొని, అవసరమైతే వదులుకోవడం. బ్యాంకాక్, కౌలాలంపూర్ మధ్య లాంటి రద్దీ దారుల్లో ఇది పనిచేస్తుంది. పోతే పోయిందని అనుకోగలిగినంత ధర ఉన్నప్పుడే. నేను ఎక్కువగా చేసేది ఇదే, రీఫండ్ కోసం మెయిళ్లు రాసే ఓపిక నాకు లేదు.

మూడోది, ధర పట్టి ఉంచే హోల్డ్. కొన్ని విమాన సంస్థలు చిన్న రుసుము తీసుకుని ఒకటి రెండు రోజులు బుకింగ్ నిలిపి ఉంచుతాయి. ఇది రిజర్వేషన్ మాత్రమే, టికెట్ కాదు. ఈ తేడా తెలియాలి. ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఉన్నంత మాత్రాన టికెట్ ఉన్నట్టు కాదు. డబ్బు కట్టాక 13 అంకెల ఈ-టికెట్ నంబర్ వస్తుంది, దాని మొదటి మూడు అంకెలు విమాన సంస్థ కోడ్: ఎయిర్ ఇండియాకు 098, థాయ్ ఎయిర్‌వేస్‌కు 217, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 618. బడ్జెట్ సంస్థలు కొన్ని ఈ నంబర్ ఇవ్వవు, వాటిలో బుకింగ్ కన్ఫర్మ్ అని చూపిస్తుంది. ఓపిక ఉన్న సిబ్బంది పీఎన్ఆర్‌తో ఆగరు, టికెట్ అయిందా అని కూడా చూస్తారు.

నాలుగోది, పది పదిహేను డాలర్లు తీసుకుని కొన్ని రోజుల పాటు ఉండే రిజర్వేషన్ చేసిపెట్టే సేవలు. చాలామంది బ్యాక్‌ప్యాకర్లు వాడతారు. అసలైన పీఎన్ఆర్ ఇచ్చి, అది విమాన సంస్థ సైట్‌లో కనిపిస్తే పని జరిగిపోవచ్చు. కానీ క్యూలో నిలబడి ఉండగానే అది గడువు తీరి మాయమవ్వొచ్చు, మీ విమానం ఆలస్యమైతే మరీ. పైగా అధికారి సూటిగా "ఈ విమానం ఎక్కుతావా?" అని అడిగితే ఏం చెబుతారు? నాకైతే దీని మీద అంత నమ్మకం లేదు. ఇక పాత టికెట్ పీడీఎఫ్‌లో తేదీ మార్చి ప్రింట్ తీయడం మాత్రం ఫోర్జరీ. ఎవరు చెప్పినా చేయకండి. కంప్యూటర్‌లో కొట్టి చూడటానికి వాళ్లకు అర నిమిషం చాలు.

కొన్న 24 గంటల్లో రద్దు చేస్తే పూర్తి డబ్బు వస్తుందని ఇంటర్నెట్‌లో అందరూ రాస్తారు. అది అమెరికాకు వచ్చే, పోయే విమానాలకు అక్కడి రవాణా శాఖ పెట్టిన నిబంధన, అదీ ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు కొన్నప్పుడు. బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్ విమానానికి అది వర్తించదు. ఆ మాట నమ్మి కొంటే డబ్బులు పోతాయి.

బస్సు, రైలు, ఫెర్రీ టికెట్లు చెల్లుతాయా అంటే, మామూలుగా దేశం దాటే ఏ టికెట్ అయినా ఆన్‌వర్డే. కౌంటర్‌లో మాత్రం సిబ్బందిని బట్టి ఉంటుంది. బస్సు టికెట్‌ను సరిచూసే దారి వాళ్లకు లేదు. రైలు టికెట్ ఉంటే చూపించండి, వెనక ఇంకో విమానం టికెట్ కూడా ఉంచుకోండి.

7. పేరు

మన పేర్లతో వచ్చే చిక్కు వేరే దేశాల వాళ్లకు అర్థం కాదు. ఇంటిపేరు ముందా వెనకా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం గివెన్ నేమ్‌లోనే ఉందా, వెంకట సత్య సూర్య నారాయణ లాంటి పేరు టికెట్ మీద సగంలో తెగిపోయిందా. ఒక్కో బుకింగ్ సైట్ ఒక్కోలా అడుగుతుంది. సర్‌నేమ్ లేకపోతే కొన్ని పేరునే రెండుసార్లు రాయమంటాయి, కొన్ని ఇంకేదో రాయమంటాయి. ఆ విమాన సంస్థ సహాయ పేజీలో ఏం రాసి ఉందో అదే చేయండి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లు వీలైతే బయల్దేరే ముందే సర్‌నేమ్ చేర్పించుకోవడం మంచిది. 2022 నవంబర్‌లో యూఏఈ, ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను ఆపడం మొదలుపెట్టినప్పుడు మనవాళ్లు చాలామంది ఇబ్బంది పడ్డారు.

ఆన్‌వర్డ్ టికెట్ మీద పేరు, వీసా మీద పేరు, పాస్‌పోర్టు పేరు ఒకే వరుసలో ఉండాలి. అన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి.

8. బయల్దేరే ముందు రోజు

మీ కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయా? 2020 మార్చి నుంచి కొత్త కార్డులు దేశంలో వాడటానికి మాత్రమే తెరిచి ఉంటాయి, బయట వాడాలంటే యాప్‌లో మనమే తెరుచుకోవాలి. ఓటీపీ వచ్చే సిమ్ రోమింగ్‌లో పనిచేసేలా చూసుకోండి, అది ఫోన్‌లోనే ఉండాలి, పర్సులో కాదు.

టికెట్లు, వీసాలు, హోటల్ బుకింగ్, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ ప్రింట్ తీయండి. కాగితాలెందుకు అనిపిస్తుంది. ఫోన్ చార్జింగ్ 3 శాతం ఉన్నప్పుడు, వైఫై కోసం నంబర్ అడిగినప్పుడు అర్థమవుతుంది. థాయ్‌లాండ్‌కు మనిషికి 20,000 బాత్‌లకు సమానమైన డబ్బు చూపించమని అడగొచ్చు.

ఇప్పుడు చాలా దేశాల్లో దిగేముందే ఆన్‌లైన్ కార్డు నింపాలి. థాయ్‌లాండ్‌లో 2025 మే 1 నుంచి, మలేషియాలో 2024 జనవరి నుంచి, రెండూ దిగడానికి 3 రోజుల లోపల. ఫిలిప్పీన్స్‌కు ఈ-ట్రావెల్. ఈ మూడూ ఉచితం. డబ్బులడిగే సైట్ అధికారికం కాదని గుర్తు. వీటిలో దేశం వదిలే తేదీ రాసే గడి ఉంటే మీ ఆన్‌వర్డ్ టికెట్ తేదీనే రాయండి.

9. శంషాబాద్‌లో రెండు ప్రశ్నలు

మొదటి ప్రశ్న కౌంటర్‌ది. అడిగినదానికి మాత్రమే చెప్పండి. "ముప్పై రోజుల్లోపు కోల్‌కతా వచ్చేస్తానండీ, ఇదిగో టికెట్" అంటే సరిపోతుంది. ఇంకా తేల్చుకోలేదు, లావోస్ వెళ్తానేమో, ఒకవేళ కుదిరితే బాలి అని కథ మొదలుపెట్టకండి.

రెండో ప్రశ్న మన ఇమిగ్రేషన్‌ది, ఇది వేరే కథ. కంబోడియా, మయన్మార్, లావోస్‌లలో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి సైబర్ మోసాల కేంద్రాల్లో పెట్టేసిన ముఠాల గురించి మీరు వినే ఉంటారు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో చాలామంది మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లే. అప్పట్నుంచి వన్‌వే టికెట్‌తో బ్యాంకాక్ వెళ్లే ఇరవై ముప్పై ఏళ్ల వాళ్లను ఆఫీసర్లు నిలబెట్టి అడగడంలో ఆశ్చర్యం లేదు. ఎవరు పంపిస్తున్నారు, డబ్బు ఎవరిది, ఎక్కడ ఉంటారు, ఎప్పుడొస్తారు. విసుక్కోకుండా చెప్పండి. తిరుగు టికెట్ చేతిలో ఉంటే సంభాషణ చిన్నదవుతుంది.

పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి) అని ఉన్నవాళ్లకు ఇది సలహా కాదు, నియమం. పదో తరగతి పాసవ్వనివాళ్లకు సాధారణంగా ఆ ముద్ర ఉంటుంది. ఈసీఆర్ జాబితాలోని 18 దేశాల్లో థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా ఉన్నాయి. ఉద్యోగానికి కాకుండా చూసి రావడానికి వెళ్లే ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లు రిటర్న్ టికెట్ చూపించాలి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ముందుగా వాళ్ల పాస్‌పోర్టు చూడండి.

10. అయినా ఆపేస్తే

కంగారు పడకండి. "ఎంతవరకు కౌంటర్ తెరిచి ఉంటుంది?" అని మొదట అడగండి. అంతర్జాతీయ విమానాలకు తరచుగా బయల్దేరే ముందు 60 నిమిషాలకు మూసేస్తారు. ఎలాంటి టికెట్ చూపిస్తే సరిపోతుందో ఆ సిబ్బందినే అడగండి, ఏ తేదీ లోపల, ఏ ఊరికి. తర్వాత పక్కకు జరిగి, ఇండియాకు ఏదో ఒక ఊరికి, డబ్బు వెనక్కి వచ్చే టికెట్ కొనండి. అదే సంస్థలో కొంటే వాళ్ల తెర మీద వెంటనే కనిపిస్తుంది, ఈమెయిల్ కోసం ఎదురు చూడక్కర్లేదు. ఇందుకే ఎయిర్‌పోర్టుకు 3 గంటలు ముందు వెళ్లమనేది.

11. దిగాక

స్టాంప్ పడింది, బ్యాగు తీసుకున్నారు, బయటికి వచ్చారు. అధికారి వేసిన స్టాంప్ మీద తేదీ చదవండి, ఎన్నో తారీఖు దాకా ఉండొచ్చో. ఆ తేదీకి 2 రోజుల ముందుకు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. రీఫండ్ టికెట్ రద్దు చేసే గడువుకు ఇంకో అలారం. ఈ రెండోది మర్చిపోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలిసి ఇద్దరున్నారు, ఒకరు మా ఇంట్లోనే.

రద్దు చేసేటప్పుడు తొందరపడకండి. బ్యాంకాక్ నుంచి కోల్‌కతా టికెట్ రద్దు చేస్తే మీ దగ్గర థాయ్‌లాండ్ వదిలే టికెట్ ఇంకొకటి ఉండాలి కదా. హోటల్ మారినా, దారిలో పోలీసులు ఆపినా చూపించుకోవడానికి. ముందు వియన్‌టియాన్ రైలు టికెట్ చేతికి వచ్చాక, కోల్‌కతాది రద్దు చేయండి.